సగమే పట్టిన రంగు

మా అత్తమ్మ పోయింది. హోళీ ఇంకా నాలుగు రోజులుందనగా, పొద్దున చాయ్ తాగి, "శక్కెర ఏస్తున్నవా, సూపెడుతున్నవా?" అని నన్నొక మాట అని, కొంచెంసేపు ఒరుగుతానంటూ గోడవైపు తిరిగి పడుకుంది. నేను బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి వచ్చి చూసేసరికి అయిపోయింది. ఎనభైకి అటూ ఇటూగా ఉంటుంది వయసు. సరిగ్గా ఎంతో ఆమెకూ తెలియదు. నొప్పి లేదు, ఆసుపత్రి లేదు, ఒకరి చేత మంచినీళ్లు పోయించుకున్నది లేదు. పరామర్శకు వచ్చినవాళ్లంతా పుణ్యాత్మురాలన్నారు. నాకైతే ఆ చక్కెర సంగతి మీద ఇప్పటికీ కొంచెం కోపంగానే ఉంది. బతికినన్నాళ్లూ నా చాయ్‌కి వంకలు పెట్టి, ఆఖరి మాట కూడా దాని మీదే ఖర్చుపెట్టింది.

ఆమె నాకు అత్తే కాదు, మేనత్త కూడా. మా నాన్నకు అక్క. అంటే ఆమె పుట్టిల్లూ నా పుట్టిల్లూ ఒకటే. కరీంనగర్ దిక్కున ఒకే గడప దాటి వచ్చి, ఒక తరం తేడాతో ముంబై పక్కన ఈ భివండిలో ఒకే గడప తొక్కినవాళ్లం. అందుకే మా మధ్య అత్తాకోడళ్ల మర్యాదలు ఎన్నడూ నిలవలేదు. ఆమె తిట్టేది, నేనూ తిట్టేదాన్ని, మా మామ ఇద్దరినీ చూసి నవ్వేవాడు. సాంచెల, అంటే కరెంటు మగ్గాల, మోతలో బతికి బతికి ఆయన చెవులు ఏనాడో మొద్దుబారాయి. మా జగడాలు ఆయనకు వినబడవు, చేతులు తిప్పడం మాత్రమే కనబడుతుంది.

మేముండే పద్మనగర్ వాళ్లకు ఆమెను పరిచయం చేయనక్కర్లేదు. మిగిలినవాళ్ల కోసం చెబుతున్నాను. మా గల్లీలో యాభై దాటిన ఆడవాళ్లు, ఎండాకాలం వచ్చిందంటే ఏ రంగు చీర కట్టాలో మా అత్తమ్మను అడిగేవాళ్లు. నవ్వకండి. పంచాంగం అడిగినట్టు అడిగేవాళ్లు. ఆమె కూడా అంతే గంభీరంగా చెప్పేది.

మా ఊరు పొద్దస్తమానం నేసేది కోరా బట్ట, రంగు లేని తెల్లబట్ట. రంగు దానికి తర్వాత ఎక్కడో పడుతుంది, అది ఎవరి ఒంటి మీదికి పోతుందో మాకు తెలియదు. మా ఇంటి వెనకే మా కార్ఖానా. వయసులో ఉన్నప్పుడు అత్తమ్మ అక్కడే కూర్చుని రోజంతా కండెలు చుట్టేది. చేతిలో తెల్లనూలు, ఎదురుగా తెల్లబట్ట, ఒంటి మీద తెల్లటి దూది నూగు. "పొద్దంత తెల్లదే సూస్తె కండ్లకు ఆకలయితది బిడ్డా" అనేది. ఆ ఆకలి ఆమెకు చివరిదాకా తీరలేదు.

హోళీ మర్నాడు ఆమె రేకు పెట్టె తెరిచేది. చలికాలపు ముదురు చీరలు వేపాకు వేసి లోపలికి పోయేవి, ఎండాకాలపు లేత చీరలు బయటికి వచ్చేవి. వాటికి దుకాణంలో చెప్పే పేర్లు ఆమె ఒప్పుకునేది కాదు. ఉల్లిపొర రంగు, నీళ్ల మజ్జిగ రంగు, దోసకాయ లోపలి రంగు అని తన పేర్లే. అన్నిటికీ పలుచగా గంజి పెట్టి, ఎండలో కాకుండా పొద్దుటి నీడలోనే ఆరేసేది. లేత రంగును ఎండ తింటుందని ఆమె భయం.

"వయసు మీద పడ్డది గద, ముదురువి కడితెనే హుందాగుంటది" అని ఎవరైనా అంటే ఆమె దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "ముదురు రంగుల దాక్కుంటె నీ వయసు నిన్ను గుర్తుపట్టదా ఏంది?" అనేది. అక్కడితో ఆగేది కాదు. మా ఊరి గాలిలో ఎప్పుడూ దూది నూగు ఎగురుతూ ఉంటుంది కదా, దాన్ని కూడా సాక్ష్యానికి తెచ్చేది. "గా నల్లచీర కట్టుకొని కార్ఖానల ముంగటికెల్లి ఒక్కపారి పోయిరా. ఎవలన్న మెత్త చింపి నీ మీద దులిపినట్టుంటవ్." అది నిజమే. నేనే ఎన్నోసార్లు అట్లా దిండులోని దూదంతా మీద పడ్డట్టు ఇంటికొచ్చాను.

చీరల దుకాణాయనకు ఆమెను చూస్తే గుబులు. ఆమె ఏ చీరనూ లోపల చూసేది కాదు. మడత విప్పకుండానే చంకన పెట్టుకుని చక్కా బజారులోకి వచ్చేసేది. ఆయన వెనకాల "అవ్వా, అవ్వా" అని పరుగెత్తుకొచ్చేవాడు. "నీ ట్యూబ్‌లైటు అబద్దాలాడుతది. పొద్దు అబద్దమాడదు" అని, నన్ను ఎండలో నిలబెట్టి, కొంగు తెచ్చి నా గడ్డం కింద పెట్టి వెనక్కి జరిగి చూసేది. "మొగం నిద్ర లేసినట్టయితె తీసుకో. మొగం పండుకున్నదంటె మడతపెట్టి ఇచ్చెయ్." నడిబజారులో మెడ చుట్టూ కొంగుతో మంగలి దుకాణంలో కూర్చున్నట్టు నిలబడటం నాకు సిగ్గుగా ఉండేది. కానీ ఆమె తెచ్చిన చీర ఒక్కటి కూడా నాకు కుదరకపోలేదు. పద్దెనిమిదో ఏట ఈ ఇంటికొచ్చిన నాటి నుంచి, ఆమె కళ్లు మసకబారేదాకా, నా చీరలన్నీ ఆమె తెచ్చినవే. నాకు ఎంచుకోవడం అనేది రానే రాలేదు, ఆ అవసరమూ పడలేదు.

ఇదంతా ఆమెకు పుట్టుకతో వచ్చిన విద్య అనుకునేరు. కాదు. ఒక తప్పులోంచి వచ్చింది. అది కూడా నేతగాళ్ల ఇంట్లోనే జరిగే తప్పు.

అప్పుడు నాకు ముప్పై దాటిన కొత్త. శ్రీరామనవమికి మా గుడిలో కళ్యాణం జరుగుతుంది. ఆ రోజున గల్లీలో పెద్ద వయసు ఆడవాళ్లంతా ఒకే రంగు చీర కట్టుకుని వరసగా పోవాలని అత్తమ్మకు బుద్ధి పుట్టింది. దుకాణంలో కొంటే నేతగాళ్లం అని చెప్పుకోవడమెందుకని, మా సాంచె మీది బట్ట తాను ఒకటి దింపి, చీరల పొడవుకు ముక్కలు చేయించి, ఊరి ఆ చివర కనేరిలో రంగులద్దే భాయి దగ్గరికి పంపింది. చిక్కటి పసుపు కావాలని, పసుపుకొమ్ము విరిస్తే లోపల ఉండే రంగు కావాలని చెప్పి, ఒక కొమ్ము కూడా విరిచి ఇచ్చింది.

పండుగ ముందురోజు మూటలు వచ్చాయి. విప్పి చూస్తే పసుపు లేదు. వెన్న పూసలో పసుపు చెయ్యి పొరపాటున తగిలినట్టు ఒక రంగు. అత్తమ్మ వెంటనే చెప్పులు తొడుక్కుని నన్ను వెంటబెట్టుకుని కనేరికి పోయింది. ఆ భాయి చేతులు రెండూ చూపించాడు, మోచేతుల దాకా చిక్కటి పసుపు. "మై క్యా కరూఁ అమ్మా, కప్డేనే రంగ్ పియాచ్ నహీ" అన్నాడు. బట్ట రంగు తాగనేలేదట.

అత్తమ్మ అక్కడే చీరలోంచి ఒక్కొక్క పోగు లాగి అగ్గిపుల్లతో అంటించింది. నూలు అయితే కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలాలి. నిలువున ఉండే పడుగు పోగు అట్లాగే రాలింది. అడ్డంగా నేసే పేక పోగు మాత్రం నల్లగా ముడుచుకుని చివర పూసలా గట్టిపడింది. పాలిస్టర్. నూలుకు వేసే రంగు దానికి పట్టదు. ఇంటికొచ్చి మామ చెవి దగ్గర అరిచి అడిగితే ఆయన చల్లగా, "సంక్రాంతి దాటినప్పటి సంది పేకల పాలిస్టరే ఏస్తున్నం గద. అన్నం తినేటప్పుడు చెప్పిన" అన్నాడు.

"అన్నం తినేటప్పుడు చెప్తె ఎవలింటరు?" అని అత్తమ్మ కూలబడింది.

ఆమె సంగతి తెలిసినవాళ్లకు ఇది ఎంత అవమానమో అర్థమవుతుంది. ఎవరి కార్ఖానా బట్టైనా రెండు వేళ్ల మధ్య నలిపి అందులో ఏముందో చెప్పేది. పక్కింటివాళ్లు బట్ట తాను పట్టుకొని ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. "ఊరి బట్టంత ముట్టుకుంట, నా ఇంటి బట్ట ముట్టుకోకపోతిని" అని కాసేపు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఏడుస్తున్నదేమోనని దగ్గరికి పోయాను. నవ్వుతున్నది.

గల్లీ ఆడవాళ్లు మాత్రం నవ్వలేదు. ఎదురింటి చిన్నమ్మ చీర చేతిలోకి తీసుకొని, "అక్కా, గిది ఉతికి ఉతికి పోయిన రంగు. కళ్యాణానికి గిది కట్టుకొని పోతె బిచ్చమేస్తరు" అంది.

"ఎయ్యనియ్యి, తెచ్చుకుందం" అంది అత్తమ్మ. "రేపటికి ఇంకోటి యాడికెల్లి వస్తది? దేవుడు నీ చీర జూస్తడా, సీతమ్మ చీర జూస్తడా?"

మర్నాడు మిట్టమధ్యాహ్నం కళ్యాణం. పందిట్లో జనం కిక్కిరిసి ఉన్నారు. వేరే గల్లీల పెద్దవాళ్లు వంకాయ రంగు, మెరూన్, నెమలి కంఠం పట్టుచీరల్లో చెమటలు కక్కుతున్నారు. వాళ్ల మొహాలు చీరల్లోకి దిగిపోయినట్టున్నాయి. మావాళ్లు వరసగా వచ్చి కూర్చున్నారు. అంతకుముందు రోజు ఇంట్లో పాతబట్టలా కనిపించిన ఆ రంగు, ఎండ పడగానే ఏమైందో ఏమో, నెరిసిన జుట్టుకూ ముడతపడిన బుగ్గకూ సరిగ్గా అతికింది. ఎదురింటి చిన్నమ్మ మొహం నేను అంత తేటగా ఎప్పుడూ చూడలేదు. ఆ మాట నేను ఆమెకు చెప్పాను, ఆమె ఒప్పుకోలేదు, కానీ కొంగు సర్దుకుంది.

తిరిగి వస్తుంటే పక్క గల్లీ ఆవిడ అత్తమ్మను ఆపి ఈ చీరలు ఏ దుకాణంలోవని అడిగింది. మా అత్తమ్మ కన్నార్పకుండా, "ముంబైల ఒక్క దుకాణంలనే దొరుకుతయి. అయిపోయినయి" అంది. ఇంటికి వచ్చేదాకా మావాళ్లంతా ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వుకున్నారు.

అప్పటి నుంచి ఏటా అదే పని. కనేరి భాయికి ఆమె చెప్పే మాట ఒక్కటే, సగమే పట్టాలి. ఆయన జీవితమంతా రంగు పూర్తిగా పట్టించడం ఎట్లాగని తంటాలు పడ్డవాడు, ఈ ముసలమ్మ సగం పట్టించమని బతిమాలడం ఆయనకు చివరిదాకా అంతుచిక్కలేదు. మామ మాత్రం ఆ తర్వాత పేక మార్చినప్పుడల్లా ముందు ఆమె చేతిలో ఒక ముక్క పెట్టి, ఆ తర్వాతే అన్నానికి కూర్చునేవాడు.

నాకు చెవుల దగ్గర మొదటి తెల్ల వెంట్రుకలు వచ్చినప్పుడు నేను రంగు వేసుకుంటానన్నాను. ఆమె వద్దనలేదు. నా తల దువ్వుతూ, "నెత్తి మీద తెల్లపోగు వచ్చిందంటె పడుగు మారినట్టే బిడ్డా. పడుగు మారితె పేక మార్చాలె గని, పడుగు మీద కోపం జేస్తె ఏమొస్తది?" అంది. వెంట్రుకలను అట్లాగే ఉండనిచ్చి, చీరల రంగు మార్చమని ఆమె మాట. ఆ ఏడు నాకు ఉల్లిపొర రంగు చీర తెచ్చింది. ఇన్నేళ్లలో నేను అందంగా ఉన్నానని నాకు నేను అనుకున్న చీర అదొక్కటే.

ఇప్పటి పిల్లలకు ఇది వింత కాదు. మా కోడలు ఇక్కడే పుట్టి మరాఠీ బడిలో చదువుకుంది, ఊరి బయట పూర్ణ అనే పల్లె దగ్గర ఒక గోదాము ఆఫీసులో పని చేస్తుంది. మొన్న సంక్రాంతి రోజుల్లో ఒకసారి ఫోన్‌లో నెరిసిన జుట్టు ఆడవాళ్ల ఫోటోలు చూపిస్తూ, "బాపమ్మా, హే బఘా, యే పేస్టల్ కలర్ హై, సమ్మర్‌ల గిదే ఫ్యాషన్ అట" అంది. అత్తమ్మ ఫోన్‌ను దూరంగా పట్టుకుని చూసి, "గీళ్లకు కూడ ఎవలో సగమే ముంచి ఇచ్చిండ్రు" అంది.

ఇంతవరకు చెప్పినవన్నీ సంతోషంగా చెప్పాను. ఇక నా సంగతి చెప్పాలి. మూడేళ్ల కింద నా కొడుకు పెళ్లి అయింది. పెళ్లి పందిట్లో మా ఆడబిడ్డ, అంటే అత్తమ్మ ఒక్కగానొక్క కూతురు, సోలాపూర్‌లో ఇచ్చారు, నన్ను పక్కకు పిలిచి, "వదినె, ఇంట్ల కోడలు తిరుగంగ అత్త రంగులు కడితె బాగుండది. ఇగ నుంచి జర చూసి కట్టు" అంది. చెడ్డగా అనలేదు. ఆమె స్వయంగా అట్లాగే బతుకుతోంది, నశ్యం రంగు, కాఫీ పొడి రంగు తప్ప కట్టదు. నాకు ఒళ్లు కూడా వచ్చింది, ఒంట్లో వేడి ఆవిర్లు మొదలయ్యాయి, అద్దం ముందు నిలబడాలంటే విసుగు. సరేలే అనుకున్నాను. ఆమె సోలాపూర్ నుంచి పంపిన చీరలతో నేనూ నశ్యం రంగులోకి దిగాను. కొన్నాళ్లకు ఇంటికొచ్చినవాళ్లు నన్ను పలకరించకుండానే లోపలికి పోవడం గమనించాను. బాధగానే ఉండేది. ఎవరికీ చెప్పలేదు.

అత్తమ్మ ఎందుకు ఊరుకుందంటారా? ఆమెకు కనబడలేదు. కళ్లలో శుక్లాలు ముదిరి అన్నీ పచ్చగా మసకగా కనిపించేవట. నేను నశ్యం రంగు కట్టినా ఆమె లేత రంగే అనుకుంది. పోయిన దసరా తర్వాత నేనూ మా ఆయనా ఆపరేషన్ చేయించాం. కట్టు విప్పిన రోజు గోడలు నీలంగా ఉన్నాయని ఆశ్చర్యపోయింది. ఎదురింటి మీది ఆకాశాన్ని చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. తర్వాత నావైపు తిరిగింది. పై నుంచి కిందికి చూసింది.

"ఏందే గిది? గోనెసంచి కట్టినవ్?"

"చీరే అత్తమ్మా."

"ఎన్నొద్దుల సంది కడుతున్నవ్ గిట్ల?"

ఆమె లేచి నా బీరువా తెరిచింది. అంతా ఒకే చీకటి. ఒక్కొక్క చీర మీదా చెయ్యి వేసి చూసి బీరువా మూసింది. నన్ను తిడుతుందనుకున్నాను. ఎవరన్నారో అడుగుతుందనుకున్నాను. అడగలేదు. ఆమెకు తెలిసే ఉంటుంది. మంచం మీద కూర్చుని మెల్లగా అంది: "ఈసారి రామనవమికి నీ చీర నేను తేను. గల్లీల అందరికి చెప్త, నీకు చెప్ప. నువ్వే పోయి, నువ్వే చూసి, నువ్వే తెచ్చుకో. నేను తెచ్చింది కట్టినన్ని దినాలు కట్టినవ్, గీళ్లు కట్టమన్నయి కట్టినవ్. నీకేది కావాల్నో నీకెరుకనా? అది నేను చూడాలె బిడ్డా. ఇప్పుడు నా కండ్లు మంచిగున్నయి."

అప్పటి నుంచి ఆమె ఆ చీర కోసం ఎదురుచూసింది. నేను సంక్రాంతి తర్వాత ఒకసారి దుకాణానికి పోయాను. ముందు పరిచిన రంగులు చూసి తల తిరిగింది, కాఫీ పొడి రంగు ఒకటి తెచ్చుకున్నాను. ఆమె దాన్ని చూసి, "ఇంక టైమున్నది తీ" అంది. ఇంకోసారి పోయి ఊరికే తిరిగొచ్చాను. "ఇంక టైమున్నది" అనే అంది. ఆమెకు లేదని ఇద్దరికీ తెలియదు. ఆమె చూస్తానన్నది చూడకుండా పోయింది. ఆమె పోయినందుకు ఏడ్చినదానికంటే దీనికే ఎక్కువ ఏడ్చాను.

ఆమె పోయిన రోజు, ఈ ఊళ్లోనే ఉండే మా తమ్ముడు పుట్టింటి చీర తెచ్చాడు. ముత్తైదువకు ఎరుపే అన్నారు పెద్దలు, ఎరుపే కప్పారు. ఎండాకాలం ముంగట ఎరుపేందిరా అని లేచి అంటుందేమోనని నేను ఆమె మొహం వైపు చూస్తూనే ఉన్నాను. పసుపు కుంకుమలతో ఆ ఎరుపులో కూడా బాగానే ఉంది.

మా ఆచారంలో దినాల నాడు పుట్టింటివాళ్లు కొత్తబట్టలు పెట్టి సూతకం విప్పుతారు. మా ఇంట్లో అత్తకూ కోడలికీ పుట్టిల్లు ఒకటే కాబట్టి, ఆమెకు చీర తెచ్చిన మా తమ్ముడే నాకూ తేవాలి. మా ఆడబిడ్డ కళ్లు ఎర్రగా చేసుకుని ఒక మూలన కూర్చుని ఉంది. "ఏడాది దాక పండుగల్లేవు, రంగుల్లేవు వదినె. ముదురుదే తెమ్మని చెప్పు నీ తమ్మునికి. అమ్మ పోయి దినాలు కూడ కాకముందే సింగారించుకున్నదని అంటరు" అంది. తల్లి పోయిన మనిషి. మంచినీళ్లు తెచ్చి చేతికిచ్చాను. తమ్ముడు చీరల దుకాణం నుంచి ఫోన్ చేసి, "అక్కా, ఏ రంగు తేవాలె?" అన్నాడు. నోటిదాకా వచ్చిన నశ్యం రంగు ఎందుకో బయటికి రాలేదు. "నువ్వాగు, నేనొస్తున్న" అన్నాను.

సూతకంలో ఉన్నవాళ్లు దుకాణం లోపలికి పోకూడదు. నేను మెట్ల కింద బజారులోనే నిలబడ్డాను. ఇన్నేళ్లూ చీర బయటికి పోతే పరుగెత్తుకొచ్చిన దుకాణాయన, ఆ రోజు తనే చీరలు చేతుల మీద వేసుకుని ఎండలోకి తెచ్చాడు. తమ్ముడికి చీరలంటే పొడవూ వెడల్పూ తప్ప తెలియదు. ప్రతిదానికీ "బట్ట మంచిగున్నదక్కా" అంటున్నాడు. చివరికి రెండు మిగిలాయి. ఒకటి గంధం రంగు, ఎవరూ ఏమీ అనలేనిది. రెండోది పుచ్చకాయ కోస్తే ఎరుపు అయిపోయి తెలుపు మొదలయ్యే చోట ఉంటుంది చూడండి, ఆ లేత గులాబీ. పక్కనే బండి మీద పుచ్చకాయలు కోసి పెట్టి ఉన్నాయి, అందుకే నాకు అట్లా తోచిందేమో.

రెండిట్లో ఏదని ఎవరినైనా అడగాలి. అడిగి అడిగి అలవాటైన ప్రాణం. బురఖాలో ఒక పెద్దావిడ కూరగాయల సంచితో పోతుంటే ఆపాను. ఆవిడ ముసుగు పైకెత్తి రెండు చీరలూ చూసింది. "కిస్‌కే లియే?" అంది. నాకే అన్నాను. "తుమ్‌కో పహన్‌నా హై, ముఝే థోడీ" అని, కట్టేది నువ్వయితే నన్నడుగుతావేమన్నట్టు నవ్వి, సంచి చెయ్యి మార్చుకుని పోయింది. నేను రెండు కొంగులూ ఒకదాని వెంట ఒకటి ఎండలో నా గడ్డం కింద పెట్టుకున్నాను. తర్వాత గులాబీది తమ్ముడి చేతిలో పెట్టాను. ఒక చీర తీసుకోవడానికి ఇన్నేళ్లు పట్టిన ఆడది ఎక్కడైనా ఉంటుందా అని నా మీద నాకే నవ్వొచ్చింది.

దినాల నాడు తలస్నానం చేసి, తమ్ముడు పెట్టిన చీర కట్టుకుని వాకిట్లోకి వచ్చాను. బంధువులు బంతిలో కూర్చోబోతున్నారు. మామ తన కుర్చీలోంచి చూశాడు, చూస్తూనే ఉన్నాడు. అత్తమ్మ ఉంటే ఏమనేదో అన్నది ఒక్కటే నా మనసులో ఉంది. ఆ లోటు ఎప్పటికీ తీరేది కాదు. కానీ సిగ్గు లేదు నాకు. ఎన్నో రోజుల తర్వాత నా ఒంటి మీద నేను ఉన్నట్టుంది.

మా ఆడబిడ్డ లేచి నా దగ్గరికి వచ్చింది. నేను మాట పడటానికి సిద్ధపడ్డాను. ఆమె నా కొంగు పట్టుకుని రెండు వేళ్ల మధ్య నలిపింది. నేతగాళ్ల బిడ్డ, కోపమొచ్చినా ముందు బట్టనే చూస్తుంది. నలుపుతూ నలుపుతూ ఆగిపోయింది. కళ్లు తుడుచుకుంది. ఎవరికీ వినబడకుండా అడిగింది.

"వదినె, గిసుంటి రంగు నాకెట్లుంటదంటవ్?"

నేను జవాబు చెప్పేలోపు మామ కుర్చీలోంచి, "ఏమంటున్నదే?" అని అరిచాడు. మెల్లగా చెబితే ఆయనకు వినబడదు. దగ్గరికి పోయి ఆయన చెవిలో, గల్లీ చివరిదాకా వినబడేటట్టు చెప్పాను: "నీ బిడ్డకు రంగుచీర కావాల్నట మామా!"

ఆడబిడ్డ సిగ్గుతో మొహం దాచుకుంది. మామ కుర్చీ చేతులు పట్టుకుని లేచి, కాళ్లతో చెప్పులు వెతుక్కున్నాడు. ఆయన బతుకంతా బట్ట నేశాడు గాని చీరల దుకాణం మెట్టు ఏనాడూ ఎక్కలేదు. ఆ పని ఎప్పుడూ అత్తమ్మదే. "మీ అమ్మ ఉంటె తెచ్చేది. పా, నేను తెస్త" అన్నాడు. విస్తళ్లు వేశారని ఎవరో అంటున్నా వినిపించుకోలేదు, నిజంగానే వినిపించలేదు.

ముందు ఆయన, వెనక ఆమె, మిట్టమధ్యాహ్నం గల్లీలోకి దిగారు. మామకు తన గొంతు తనకు వినబడదు కాబట్టి ఎప్పుడూ అరిచినట్టే మాట్లాడతాడు. మొదటి గడప దగ్గరే ఆగి, "గీమెకు ఏ రంగు మంచిగుంటదే?" అని అడిగాడు. లోపలి నుంచి ఎదురింటి చిన్నమ్మ బయటికొచ్చి ఏదో చెప్పింది. పక్కింటామె వచ్చి అది కాదంది. ఇంకో ఇద్దరు తడిచేతులతోనే వచ్చారు. ఒక్కొక్కరు ఒక్కో రంగు చెబుతున్నారు, నా ఆడబిడ్డ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. మామకు ఒక్క రంగు పేరు కూడా వినబడటం లేదు. ప్రతి గడప దగ్గరా ఆగి, మళ్లీ అదే అడుగుతున్నాడు.